పి.పి. అడ్రసులో బడే మియా

గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ కొట్ల మధ్య ఒక ఇరుకు మెట్లదారి ఉంది. ఎక్కితే ఎడంపక్క గది నాది. జాకెట్లు కుడతాను. కుడిపక్క గది ఫక్రున్నీసా మేడం గారిది, టైపు ఇన్‌స్టిట్యూట్. నా గదిలో మిషన్లు రెండు, ఆవిడ గదిలో పన్నెండు. పొద్దున ఆరింటికి ఆ పన్నెండూ మొదలయ్యాయంటే నా గోడకున్న క్యాలెండరు దానంతటదే ఊగేది. పదేళ్ళు ఆ చప్పుడు పక్కనే బతికాను గనక, ఆవిడ గురించి నాకు తెలిసినంత బెజవాడలో ఎవరికీ తెలియదని అందరితో చెప్పుకునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ. జాకెట్టు బిగుతుగా ఉందని ఎవరైనా అంటే, ‘జాకెట్టు మారలేదమ్మా, నువ్వే మారావు’ అని మొహం మీదే అనేస్తాను. మేడం గారు అట్లా కాదు. లేతరంగు నూలు చీర, తలమీద కొంగు, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు, నవ్వగా చూసినవాళ్ళు అసలే లేరు. పిల్లల వేళ్ళు తప్పు మీట మీద పడితే స్కేలుతో బల్లమీద ఒక్క దెబ్బ, అంతే. పది వేళ్ళూ వాడాలి, మీటల వంక చూడకూడదు. రెండు వేళ్ళతో టకటకమని కొట్టేవాడు ఆవిడ దృష్టిలో చెప్పులతో వంటింట్లోకి వచ్చినవాడితో సమానం.

తొంభై ఎనిమిదిలో మేడం గారు ఒక కంప్యూటరు కొన్నారు. పిల్లలంతా అవే కావాలంటున్నారు మరి. దానికి ఫోను తీగ తగిలిస్తే, తోక తొక్కిన కుక్కపిల్లలా కుయ్యిమని అరిచి, కాసేపు గరగరలాడి, ఇంటర్నెట్ అనే దాంట్లోకి వెళ్ళేది. అందులో తెలుగువాళ్ళ న్యూస్ గ్రూపు ఒకటి ఉండేది.

న్యూస్ గ్రూపంటే నాకు అర్థమైనట్టు చెప్తాను. బజార్లో ఒక గోడ ఉందనుకోండి. ఎవరైనా వచ్చి దానిమీద ఒక కాయితం అంటించి పోవచ్చు. చదివినవాళ్ళు దాని కింద జవాబు అంటిస్తారు. తేడా ఏమిటంటే ఆ గోడ ఒక్కచోట లేదు. హైదరాబాదులో ఒకటి, మద్రాసులో ఒకటి, దుబాయిలో ఒకటి, ఇట్లా బోలెడు. అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టుకుంటాయి. ఆ కాపీ కొట్టే యంత్రాన్ని సర్వర్ అంటారు. అది మా వీధి కుళాయి లాంటిది, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒక ఉత్తరం ఇవాళ పెడితే పది రోజులకి కనపడేది. ఇంకొకటి మూడుసార్లు కనపడేది. ఒకటి ఎటుపోయేదో దేవుడికి తెలియాలి. ఒక్కోసారి ప్రశ్న కంటే ముందు జవాబు వచ్చి కూర్చునేది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి.

ఇక పి.పి. సంగతి. ఆ రోజుల్లో మనలో సగంమందికి ఇంట్లో ఫోను లేదు. పక్కింటి నంబరు ఇచ్చి, పక్కన పి.పి. అని రాసేవాళ్ళం. శుభలేఖల మీద కూడా వేసేవాళ్ళం. ఫోనొస్తే పక్కింటివాళ్ళు గోడమీంచి కేకేసేవాళ్ళు, తడి చేతులతో పరిగెత్తేవాళ్ళం. మా మెట్లదారికంతటికీ మేడం గారి ఫోనే పి.పి. అలాంటప్పుడు ఈమెయిలు అడ్రసు మాత్రం మనిషికొకటి ఎందుకు? అదీ పి.పి.యే. మాకెవరికీ అందులో తప్పేమీ కనపడలేదు. ఉత్తరం చివర ఎవరి పేరు వాళ్ళది ఉండేది కదా.

అలా రాసేవాళ్ళం నలుగురం. బందరు వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే వీరమ్మ, కైకలూరు దగ్గర చేపల చెరువున్న పెద్దబ్బాయి, గుణదలలో కరెంటు పని చేసే మరియదాసు, నేను. మేం చెబుతుంటే మేడం గారు టైపు చేసేవారు. పెద్దబ్బాయి చేపల గురించి తప్ప ఇంకో మాట ఎత్తేవాడు కాదు. ఒక ఏడు చెరువులో చేపలకి పుళ్ళు పడితే, సున్నం ఎంత చల్లాలో చెప్పి కాపాడింది ఆ గ్రూపులోని చేపల డాక్టరు గారే. మరియదాసు ఏటా ఫిబ్రవరిలో మేరీమాత తిరనాళ్ళకి ప్రపంచంలోని తెలుగువాళ్ళందర్నీ పిలిచేవాడు. వీరమ్మ ఉత్తరాలన్నీ పెద్దక్షరాల్లో ఉండేవి. ‘పెద్దక్షరాలంటే అరిచినట్టు లెక్కండీ’ అని ఎవరో రాశారు. ‘ఆవిడ మాట్లాడేది అలాగేనండి’ అని మేడం గారు నా పేరు మీద జవాబు పెట్టారు.

అలా తప్పుపట్టిన మనిషి సికింద్రాబాదులో ఉండే కృపానందం గారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, గ్రూపుకి తనంతట తనే పెద్దమనిషి అయ్యారు. ప్రతినెలా ఒకటో తారీకున మర్యాద సూత్రాలని ఒక కాయితం అంటించేవారు. అరవకండి. ఎదుటివాళ్ళ ఉత్తరమంతా తిరగరాయకండి, మీరు జవాబు చెప్పే వాక్యం మాత్రం పైన పెట్టుకోండి. పెట్టిన ఉత్తరం కనపడలేదని మళ్ళీ మళ్ళీ పెట్టకండి, పదిహేను రోజులు ఓపిక పట్టండి. ఒకరి సొంత ఉత్తరానికి పదిమందిలో జవాబివ్వకండి. సొంత పేరుతో రాయండి. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అసలు ఓపికే ఉంటే జాకెట్లు కుట్టుకోక ఈ గోడ దగ్గర నాకేం పని?

ఇంతకీ నలుగురం అన్నాను. అయిదో ఆయన బడే మియా. కొండపల్లి కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారట. నేను అయిదింటికి గది తాళం వేసి ఇంటికి పోయాక వచ్చి ఉత్తరాలు రాయించుకుంటారని మేడం గారు చెప్పారు. గ్రూపంతటికీ ఆయనంటే ప్రాణం. ఆయన ఒక్క మాట రాస్తే దుబాయివాళ్ళు కూడా పడి పడి నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఆయన పొడ గిట్టేది కాదు.

గొడవ ఉలవచారు దగ్గర మొదలైంది. గ్రూపులో ఎవరో ఉలవచారు ఎలా చెయ్యాలని అడిగారు. మా అమ్మ దగ్గర నేర్చుకున్నట్టు నేను వివరంగా చెప్పాను. రాత్రంతా నానబెట్టాలి, ఉడికిన నీళ్ళు సగానికి మరగాలి, పైన మీగడ వేసుకోవాలి. మర్నాడు బడే మియా జవాబు వచ్చింది. ‘సుబ్బరత్నం గారు చెప్పినట్టే చేసి మా పక్కింటి ఎద్దుకి పెట్టాను. అది మీగడ నాకి చారు వదిలేసింది.’

చూడండి, ఆడమనిషి వంటని అట్లా అనొచ్చా? మేడం గారి బల్ల దగ్గరికి విసురుగా పోయాను. “రాయండి మేడం. ఆ ముసలాడికి నాలుక మొద్దుబారిపోయిందని రాయండి.”

“ముసలాడు అని రాయమంటారా, పెద్దాయన అని రాయమంటారా?” అని ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

“ముసలాడనే రాయండి!”

మొహంలో ఒక్క గీత కదలకుండా రాశారు. వాక్యం చివర చుక్క కూడా పెట్టారు. అలా ఏడాదిన్నర సాగింది. నేను తిట్టేదాన్ని, ఆవిడ టైపు చేసేవారు, తెల్లారేసరికి ఆయన రాయించిన జవాబు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉండేది. ఒకరోజు పంతం పట్టి, ఆయన్ని ఎదురుగా కడిగేద్దామని ఆరున్నర దాకా కూర్చున్నాను. ‘ఇవాళ ఒంట్లో బాగాలేదని కబురు చేశారండీ’ అన్నారు మేడం గారు. రెండు రోజుల తర్వాత గ్రూపులో బడే మియా రాశారు. ‘నా కోసం ఒక పెద్దావిడ కత్తెర పట్టుకుని సాయంత్రం దాకా కాపలా కాసిందట. ఈ వయసులో నాకింత గిరాకీ ఉందని తెలియలేదు.’ నాకు నలభై ఏడు. పెద్దావిడ! ఆ రోజు ఒక పెళ్ళికూతురి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే పక్కకి కుట్టాను.

రెండువేల సంవత్సరం జూన్‌లో కృపానందం గారు ఒక కాయితం అంటించారు. ‘వీరమ్మ, పెద్దబ్బాయి, మరియదాసు, సుబ్బరత్నం, బడే మియా అనే అయిదు పేర్లతో వస్తున్న ఉత్తరాలన్నీ ఒకే అడ్రసు నుంచి వస్తున్నాయని కనిపెట్టాను. ఎవరో ఒక మనిషి అయిదు ముసుగులు వేసుకుని, తనని తానే తిట్టుకుంటూ, మనందరి కాలం వృథా చేస్తున్నాడు. వచ్చే ఆదివారం పదకొండు గంటలకి నేను స్వయంగా ఫోను చేస్తాను. అయిదుగురూ పలికితే సరే. ఒక్కరు తగ్గినా ఆ అడ్రసుని అందరం చెత్తబుట్టలో పెట్టుకుందాం.’

చెత్తబుట్ట అంటే, ఒక అడ్రసుని అందులో పెడితే అక్కడి నుంచి వచ్చే ఉత్తరాలు మన కంటపడకుండానే కంప్యూటరు పారేస్తుంది. ఇక రాసినా గోడతో చెప్పుకున్నట్టే. నేను వెంటనే మేడం గారిచేత పెద్దక్షరాల్లో జవాబు రాయించాను. మీకెంత ధైర్యం, మేం అయిదుగురం అయిదు గుండ్రాళ్ళలా ఉన్నాం, వచ్చి లెక్కపెట్టుకోండి అని, కింద మేడం గారి ఫోను నంబరు కూడా వేయించాను. ఆ దిక్కుమాలిన సర్వర్ మామూలుగా అయితే వారం తీసుకునేది. ఆ ఉత్తరాన్ని మాత్రం గంటలో నాలుగుసార్లు అంటించింది.

పెద్దబ్బాయికి విషయం తెలిసి బస్సెక్కి వచ్చాడు. “సుబ్బరత్నమ్మ గారూ, ఆ డాక్టరు గారు లేకపోతే నా చెరువు గతేంటండీ? ఎల్లాగైనా అడ్రసు దక్కించండి.” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక మేడం గారి గదిలోకి పోయాను. “వీరమ్మకి చెప్పాను, మరియదాసు గుడి నుంచి నేరుగా వస్తానన్నాడు. ఇక కొండపల్లికి కబురు పెట్టండి. ఆ ముసలాడు రేపు రావాలి.”

“రాలేరండీ,” అన్నారావిడ, కంప్యూటరు మీద గుడ్డ కప్పుతూ.

“ఎందుకు రాలేరు? ఇంత కొంప మునుగుతుంటే?”

“లేరు గనక.”

“అయ్యో రామా!” ఎంత తిట్టుకున్నా ఏడాదిన్నర పరిచయం. “ఎప్పుడు పోయారండీ?”

“పన్నెండేళ్ళయింది.”

నేను కుర్చీలో కూలబడ్డాను. “పన్నెండేళ్ళ కింద పోయినాయన మొన్న మంగళవారం నన్ను పెద్దావిడ అన్నాడా?”

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. అప్పుడర్థమైంది నాకు. నా తిట్లన్నీ ఒక్కొక్కటీ ముత్యాల్లా టైపు చేసింది ఎవరో, తెల్లారి వాటికి జవాబు రాసింది ఎవరో. ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

“మీరా! ఆ ఎద్దు! ఆ మీగడ! నా ఎదురుగా కూర్చుని!”

“తప్పేనండీ.”

“ముసలాడు అని రాయమంటారా అని అడిగారు కదండీ నన్ను!”

“పెద్దాయన అంటారేమోనని చివరి దాకా ఆశపడ్డాను,” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పెదవి చివర ఏదో మెరిసి మాయమైంది. పదేళ్ళలో మొదటిసారి చూశాను.

తర్వాత ఆవిడ చెప్పిన సంగతి ఇది. బడే మియా వాళ్ళ నాన్నగారు. ఈ వీధిలోనే గొడుగులు బాగుచేసేవారు. ఆయన మాటలకి బజారు బజారంతా నవ్వేదట. ఆ హాస్యం కూతురికీ వచ్చింది. కాని పదమూడేళ్ళప్పుడు చుట్టాల ముందు తనొక వేళాకోళం మాట అంటే, ‘ఆడపిల్లకి ఇంత నోరేమిటి’ అని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అప్పటినుంచి నోరు కట్టేసుకున్నారు. తొంభై ఎనిమిది ఆగస్టులో, గ్రూపులో చేరిన కొత్తల్లో, కృపానందం గారు ఒక ఉత్తరం పెట్టారు. కంప్యూటర్లు వచ్చాక రెండు వేళ్ళు చాలు, టైపు ఇన్‌స్టిట్యూట్లన్నీ మూసేసుకోవచ్చు అన్నారట. ఇరవై రెండేళ్ళు పది వేళ్ళు నేర్పిన మనిషి ఊరుకుంటారా? ఆర్యా అని మొదలుపెట్టి, విషయం, సూచిక, మూడు పేరాలు, ఇట్లు తమ విధేయురాలు ఫక్రున్నీసా అని, పరీక్షలో రాసినట్టు ఒక ఉత్తరం తయారుచేసి పెట్టారు.

“పదిహేను రోజులు చూశాను. ఒక్కరు పలకలేదు. ఆడమనిషి మాటకి జవాబెందుకని ఊరుకున్నారనుకున్నాను. అప్పుడు నాన్నగారి పేరుతో ఒక్క వాక్యం రాశాను. ‘కృపానందం గారూ, రెండు వేళ్ళతో అన్నం కలుపుకు తినండి, ఆ తర్వాత మాట్లాడదాం.’ రెండు రోజుల్లో పదిహేడు జవాబులు వచ్చాయండీ.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నా పేరుతో ఒక్కటి వస్తే చాలనుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి.”

కోపంలో ఉన్నాను గాని, అది విన్నాక తిట్లు పక్కన పెట్టాను. మరియదాసు గొంతు మార్చి బాగా మాట్లాడతాడు, రేపటికి అతన్నే బడే మియా చేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “నేను ఆడిన అబద్ధాలు చాలు. ఇంకొకరిచేత కూడానా? నావల్ల కాదండీ.”

ఆదివారం పదకొండింటికి ఫోను మోగింది. ఇన్‌స్టిట్యూట్ బల్లల మీద అందరం కూర్చుని ఉన్నాం. వీరమ్మ అందరికంటే ముందు రిసీవరు లాక్కుంది.

“ఏమయ్యా పెద్దమనిషీ, నువ్వేనా మమ్మల్ని ముసుగులన్నది? మీ ఇంట్లో ఫోను లేనప్పుడు పక్కింటి నంబరు ఇవ్వలేదా నువ్వు? పి.పి. అని రాయలేదా? అప్పుడు మీ పక్కింటాయనా నువ్వూ ఒకటైపోయారా?”

ఆవిడ గొంతుకి రిసీవరు అక్కర్లేకుండానే సికింద్రాబాదు దాకా వినపడి ఉంటుంది. “పదకొండేళ్ళు ఇచ్చానమ్మా,” అన్నారాయన, రిసీవరు పక్కన చెవి పెట్టి నేనూ విన్నాను. “ఈ మాట నాకు తట్టలేదు. క్షమించండి.”

తర్వాత పెద్దబ్బాయి, మరియదాసు పలికారు. నా వంతు వచ్చింది. ఉలవచారులో మీగడే వేసుకోవాలని ఆయనచేత ఒప్పించి మరీ రిసీవరు మేడం గారికిచ్చాను.

“నాలుగయ్యాయి. బడే మియా గారిని పిలవండి,” అన్నారు కృపానందం గారు. మేడం గారు రిసీవరుని చెవికి కాస్త ఎడంగా పట్టుకోవటంతో మా అందరికీ వినపడింది.

మేడం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. “నేనేనండి.”

“మీరా? మీరెవరమ్మా?”

అంతా చెప్పారు. గొడుగుల నాన్నగారు, ఇన్‌స్టిట్యూట్, ఆగస్టు ఉత్తరం, ఏదీ దాచలేదు. వీరమ్మ నోరు తెరుచుకుని వింటోంది. ఆవిడ నోరు మాట లేకుండా తెరుచుకోవటం అదే మొదలు.

“తేదీ చెప్పండి,” అన్నారు కృపానందం గారు.

“ఆగస్టు పద్నాలుగండీ.”

“నేను మొదటి రోజు నుంచి ప్రతి ఉత్తరం ప్రింటు తీసి ఫైలు కట్టాను. ఉండండి.” కాయితాలు తిరగేస్తున్న చప్పుడు. “పద్నాలుగున నాలుగున్నాయి, మీది లేదు. ఆ నెలలో లేదు. తర్వాతి నెలలో లేదు.” మళ్ళీ చాలాసేపు కాయితాల చప్పుడు. “అమ్మా, ఫక్రున్నీసా అనే పేరే ఈ ఫైళ్ళలో లేదు. మీ ఉత్తరం మాకు అసలు రాలేదు. ఆ సర్వర్ మింగేసింది.”

“రాలేదా?”

“వచ్చి ఉంటే నేను జవాబివ్వకుండా ఊరుకుంటానా? నా మాట తప్పన్నవాళ్ళని నేను ఇంతవరకు వదిలింది లేదు.”

“అయితే రెండేళ్ళు నేను ఎవరిమీద అలిగానండీ?” అన్నారు మేడం గారు. ఆ మాట ఆయన్ని అడిగారో, తనని తానే అడిగారో తెలియదు. మరియదాసు తలొంచుకున్నాడు.

కృపానందం గారు సూత్రాల మనిషి. అడ్రసు ఉంచాలంటే జరిగిందంతా గ్రూపుకి ఆవిడే, సొంత పేరుతో, పదిహేను రోజుల్లోపల చెప్పాలన్నారు. ఆ సాయంత్రమే మేడం గారు ఉత్తరం పెట్టారు. ‘బడే మియా లేరు. ఆ పేరుతో రాసింది నేను, ఫక్రున్నీసాని. క్షమించగలరు.’

పెట్టాం సరే, అది కనపడాలి కదా. మూడు రోజులు, అయిదు రోజులు, వారం. రోజూ నేను జాకెట్టు చేత్తో పట్టుకునే పోయి చూసొచ్చేదాన్ని. పదో రోజుకి నా ఓపిక అయిపోయింది. “మళ్ళీ పెట్టండి మేడం, దీన్ని కూడా మింగేసి ఉంటుంది.”

“పదిహేను రోజులు ఆగాలని సూత్రం ఉందండీ.”

“మీ సూత్రం తగలెయ్యా! గడువూ పదిహేనేగా!”

ఆగారు. పన్నెండో రోజు పొద్దున అది వచ్చింది. సాయంత్రానికి దానికింద ఇరవై మూడు జవాబులు. నేను చదవమన్నాను. మేడం గారు ఒక్కొక్కటీ చదివారు. ‘బడే మియా గారూ, ఈసారి ఆడవేషమా! అదిరింది.’ ‘చీర ఏ రంగు గురువు గారూ?’ ‘క్షమించగలరు అనేసరికి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి, నవ్వలేక.’ కృపానందం గారు మధ్యలో వచ్చి, ఇది నిజమే, నేను ఆవిడతో స్వయంగా మాట్లాడానని రాశారు. దానికి చేపల డాక్టరు గారి జవాబు: ‘కృపానందం గారికి కూడా మందు పెట్టారన్నమాట. ఇట్లాంటి మనిషిని చెత్తబుట్టలో పెడతామా? ఎవరైనా పెడితే నన్నూ పెట్టండి.’

అడ్రసు దక్కింది. పెద్దబ్బాయి చెరువు దక్కింది. మరియదాసు మిఠాయి తెచ్చాడు. మేడం గారు మాత్రం మిఠాయి చేత్తో పట్టుకుని తినకుండా కూర్చున్నారు.

“నేనే అని చెప్పినా జవాబు నాన్నగారికే వచ్చింది సుబ్బరత్నం గారూ.”

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. గదికి పోయి తలుపు ధడాలున వేసుకున్నాను.

వారం తిరక్కుండా మేడం గారికి కృపానందం గారి దగ్గర్నుంచి ఇన్లాండు కవరు వచ్చింది, మామూలు పోస్టులో. ‘ఆగస్టు పద్నాలుగు నాటి తమ ఉత్తరం నకలు ఉంటే పంపగోరుతాను’ అని. ఉండకపోవటమేమిటి? టైపు నేర్పే మనిషి, కంప్యూటర్లో పెట్టేది కూడా ముందు కార్బన్ పెట్టి మిషన్ మీద కొట్టుకునేవారు. నకలుకి నకలు తీసి, ఆయనకి రిజిస్టర్డు పోస్టులో పంపించారు. అదే ఉత్తరాన్ని గ్రూపులోనూ పెట్టారు. రెండేళ్ళు ఓపిక పట్టాను గనక మళ్ళీ పెట్టినా తప్పులేదన్నారు.

అయిదు రోజుల తర్వాత, నేను ఒక జాకెట్టుకి మెడ కత్తిరిస్తుండగా తలుపు ధన్‌మని తెరుచుకుంది. మేడం గారు. తలమీద కొంగు జారిపోయి ఉంది, చేతిలో ప్రింటు కాయితం.

“సుబ్బరత్నం గారూ! నేను తప్పట!”

“ఎవడన్నాడు?” అని కత్తెరతోనే లేచాను.

“కృపానందం గారు! చూడండి, పైన నా పేరు! ఫక్రున్నీసా గారికి అని! నా వాక్యాలు ఒక్కొక్కటీ పైన పెట్టి, ఒక్కొక్కదానికీ కింద తప్పని రాశారు! మూడు పేరాలకీ!” అని నవ్వేస్తున్నారు. చప్పుడు చేస్తూ, భుజాలు కదిలిపోతూ నవ్వుతున్నారు. కింద కొట్లోవాళ్ళు తల బయటపెట్టి చూశారు.

కాయితం తీసుకుని చదివాను. ‘ఫక్రున్నీసా గారికి. తమ ఉత్తరం పద్ధతి చూసి నా సర్వీసు రోజులు గుర్తొచ్చాయి. ఈ గ్రూపులో ఇంత మర్యాదగా రాసినవారు ఇంకొకరు లేరు. ఇక విషయానికొస్తే, తమరు చెప్పినదంతా శుద్ధ తప్పు.’ ఒకరి సొంత ఉత్తరానికి పదిమందిలో జవాబివ్వకూడదన్న సూత్రం రాసిన మనిషి, పోస్టులో వచ్చిన నకలుకి గ్రూపులో జవాబు పెట్టేశారు. మేడం గారి అసలు ఉత్తరం ఇంకా సర్వర్ కడుపులోనే ఉంది. ప్రశ్న లేదు, జవాబు ఒక్కటే వచ్చి గోడమీద కూర్చుంది.

ఇక చూడండి గ్రూపులో గోల. ఎవరీ ఫక్రున్నీసా గారు? ఆవిడ ఉత్తరం మాకు కనపడలేదే? దయచేసి మళ్ళీ పెట్టగలరు. అమ్మా, మీ ఉత్తరం ఒక్కసారి. మర్నాటికి పంతొమ్మిది మంది అడిగారు. ఆ గ్రూపులో ఒక ఉత్తరాన్ని మళ్ళీ పెట్టమని జనం బతిమాలటం అదే మొదటిసారి. అడుగున చేపల డాక్టరు గారి చీటీ. ‘కృపానందం గారు పైన పెట్టిన వాక్యాలు చూశాను. ఇంత మర్యాదగా రాయటం బడే మియా తరం కాదు. ఈవిడెవరో వేరే నిజం మనిషే. బడే మియా గారు పాపం ఈవిడ పేరు వాడుకుని వేళాకోళం చేశారు. వారు వెంటనే క్షమాపణ చెప్పాలి.’

ఇప్పుడు ఆవిడ ఉన్నారు, వాళ్ళ నాన్నగారూ ఉన్నారు. నిజం ఎన్నిసార్లు చెప్పినా ఆ గోడకి సరిగ్గా అంటుకోదని నాకు అర్థమైపోయింది.

“బడే మియా గారిచేత క్షమాపణ చెప్పిస్తారా మరి?” అని అడిగాను.

“చెప్పిస్తాను, కాస్త ఆలస్యంగా. మీతో ఉలవచారు సంగతి తేలలేదు కదా,” అన్నారు. “ముందు ఈ కృపానందం గారి పని చూడాలి. కోపంగా రాయాలి. నాన్నగారిలా కాదు, నాలా. నాకు కోపంగా రాయటం రాదండీ. ఏడాదిన్నర మీ కోపం టైపు చేశాను గాని, నేనుగా ఒక్కసారి…” ఆగిపోయారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

“మీరు చెప్పండి,” అని నేను వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆ కుర్చీలో నేను కూర్చోవటం అదే మొదలు. “నేను కొడతాను.”

ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, గొంతు సవరించుకుని, వీధంతా వినపడేలా మొదలుపెట్టారు. “ఆర్యా! తమరు రెండు వేళ్ళతో ఏం సాధించారో నాకు తెలియదు గాని…”

అక్షరం అక్షరం వెతుక్కుంటూ, రెండు చూపుడువేళ్ళతో టక్కు టక్కుమని కొట్టాను. ఆవిడ చూశారు. స్కేలు బల్లమీదే ఉంది, ఆవిడ ముట్టుకోలేదు.